లీటరు ధర మన చేతిలో లేదు, కిలోమీటరు ఉంది

(యానాంలో జరిగిన తెలుగు యౌవనస్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నిన్న మధ్యాహ్నం కాకినాడలో రైలు దిగి, తాళ్లరేవు మీదుగా బస్సులో ఇక్కడికి వచ్చాను. యానాం పొలిమేర దాటగానే పెట్రోలు బంకులు కనిపించాయి. ప్రతి బంకు దగ్గరా బళ్ల వరస. నంబరు ప్లేట్లు చూస్తే సగానికి పైగా ఆంధ్రవే. యానాం తమ్ముళ్లకు ఇది రోజూ కనిపించేదే. బెంగళూరు, హోసూరు, బరంపురం, షోలాపూర్ నుంచి వచ్చినవాళ్లకు కొత్తగా ఉండొచ్చు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఇక్కడ వ్యాట్ తక్కువ. పక్కనే ఉన్న ఆంధ్రలో ఎక్కువ. అందుకే లీటరుకు పది రూపాయలకు పైగా తేడా. అటు కాకినాడ వైపు నుంచి, ఇటు ఎదుర్లంక వంతెన దాటి కోనసీమ వైపు నుంచి జనం వస్తూనే ఉంటారు.

బస్సులో నా పక్కన కూర్చున్న అబ్బాయి కాకినాడవాడు. "వారానికోసారి బండి వేసుకుని వచ్చి ట్యాంకు నింపుకుపోతానండి, పెట్రోలు కోసమే వస్తాను" అన్నాడు. ఆ రోజు బండి షెడ్డులో ఉందట, అందుకని బస్సు ఎక్కాడు. నేను ఊరుకోకుండా లెక్క వేద్దామా అన్నాను. ఇద్దరం కలిసి వేశాం. మీరూ వేయండి.

ట్యాంకులో పది లీటర్లు పడతాయి. లీటరుకు 12 రూపాయలు తేడా అనుకుందాం. అంటే 120 రూపాయల లాభం. కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు, రానూపోనూ 60. బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే 60 కిలోమీటర్లకు లీటరుంబావు కంటే కాస్త తక్కువ, 1.2 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకున్నా 116 రూపాయలు. ఎంత మిగిలింది? నాలుగు రూపాయలు! పోయింది గంటన్నర సమయం, అరిగింది టైరు. ఆ అబ్బాయి కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "రెండేళ్లుగా వస్తున్నానండి" అన్నాడు.

ఎగతాళికి చెప్పడం లేదు. పని మీద ఈ దారిన పోయేవాడు ఇక్కడ నింపుకుంటే నిజంగానే లాభం. పెద్ద ట్యాంకున్న లారీవాడికి లాభం. పెట్రోలు కోసమే పనిగట్టుకుని వచ్చేవాడికి మాత్రం లేదు. అతను లీటరు ధర చూశాడు, కిలోమీటరు ఖర్చు చూడలేదు. మనలో చాలామందిమి చేసే పొరపాటు అదే. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నిర్వాహకులు నాకు ఈ అంశం ఇచ్చినప్పుడు, పదిమంది కన్యకల ఉపమానం ఎత్తుకుని సిద్దెల్లో నూనె గురించి ప్రసంగిస్తాననుకున్నారేమో. ఆ ప్రసంగం మీరు చాలాసార్లు విన్నారు. ఈ రోజు నూనె గురించే, మన బండిలో పోసే నూనె గురించే మాట్లాడుకుందాం.

ధర ఎక్కడ పెరుగుతుంది?

దీన్ని క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. తెలియకపోతే బంకులో పనిచేసే కుర్రాడి మీద అరుస్తాం. ధర పెంచింది అతను కాదు.

మన దేశం వాడే ముడిచమురులో చాలా భాగం బయటి నుంచి కొంటున్నదే. దాని ధర డాలర్లలో ఉంటుంది. డాలరు పెరిగినా పెరుగుతుంది, ఎక్కడో యుద్ధం వచ్చినా పెరుగుతుంది. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లో తీసేశారు, డీజిలు మీద 2014 అక్టోబరులో. 2017 జూన్ నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. కానీ కాగితం మీద ఉన్నట్టు నడవలేదు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా, అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగిన ఆ కాలంలో, 137 రోజులు ధర కదల్లేదు. ఆ తర్వాత పదహారు రోజుల్లో 14 సార్లు పెరిగి పది రూపాయలు ఎక్కింది.

ఇక పన్ను. 2020లో కోవిడ్ వచ్చి ప్రపంచమంతా ముడిచమురు ధర పడిపోయింది. మనకూ తగ్గాలి కదా? ఆ మార్చిలో, మేలో కలిపి కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజు సుంకాన్ని లీటరుకు 13 రూపాయలు పెంచింది. సుంకం దాదాపు 33 రూపాయలకు చేరింది. తర్వాత 2021 నవంబరులో 5, 2022 మేలో 8 రూపాయలు తగ్గించాక 19 రూపాయల 90 పైసలైంది. అందులో రాష్ట్రాలతో పంచుకునే మూల సుంకం రూపాయి నలభై పైసలే. మిగిలినదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు చౌక అయినప్పుడు సుంకం మళ్లీ రెండు రూపాయలు పెరిగింది. బంకులో ధర పెరగలేదు, నిజమే. కానీ తగ్గాల్సింది కూడా తగ్గలేదు.

దీని మీద రాష్ట్రాల పన్ను. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు పెట్రోలు, డీజిళ్లను బయటే ఉంచారు. కాబట్టి ఎవరి పన్ను వాళ్లదే. కర్ణాటకలో 2024 జూన్‌లో పన్ను పెంచితే పెట్రోలు ఒక్కసారిగా మూడు రూపాయలు పెరిగింది. పెరిగిన ప్రతిసారీ కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది. మధ్యలో మనం జేబు చూసుకుంటాం.

ఈ పన్నులో ఒక అన్యాయం ఉంది. ఆదాయపు పన్ను ఆదాయాన్ని బట్టి ఉంటుంది. పెట్రోలు పన్ను అలా కాదు. పెద్ద కారులో క్లబ్బుకు పోయేవాడూ, కూరగాయల ఆటో నడిపేవాడూ లీటరుకు కట్టేది ఒకటే. మొదటివాడికి అది చిల్లర, రెండోవాడికి ఆ రోజు కూలి. పూరీ పెంటకోటలో మన తెలుగు మత్స్యకారులున్నారు. పడవ ఒడ్డుకు చేరగానే చేప అమ్మిన డబ్బులోంచి ముందు ఇంజనుకు పోసిన నూనె ఖర్చు తీస్తారు, మిగిలిందే వాటాలు వేసుకుంటారు. నూనె ధర పెరిగితే తగ్గేది పడవలో ఉన్నవాళ్ల వాటాయే. బండి లేని ముసలమ్మ కూడా కడుతోంది. కోలారు నుంచి వచ్చే టమాటా లారీ డీజిలుతోనే కదా నడిచేది.

ఒక తమ్ముడి లెక్క

బెంగళూరులో మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. పేరు చెప్పను. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు, బండి మీద భోజనాలు చేరవేసే పనిలో చేరాడు. బండి అతనిదే, పెట్రోలు అతనిదే, పంక్చరు పడినా అతని ఖర్చే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆగి, "అయ్యగారూ, చేతిలో ఏమీ మిగలడం లేదు, ప్రార్థన చేయండి" అన్నాడు. చేశాను. భుజం తట్టి పంపాను. మరో రెండు వారాలకు వాళ్లమ్మగారు కళ్లు తిరిగి పడిపోయారు. ఆసుపత్రికి పోతే చక్కెర బాగా పెరిగిందన్నారు. రోజుకు రెండు పూటలా వేసుకోవాల్సిన మాత్ర నెలన్నరగా ఒక పూటే వేసుకుంటున్నారు. నేను ఆమెను మందలించబోయాను. "వాడు పొద్దున్నే బండికి నూటయాభై పోయించకపోతే పనికి పోలేడు కదయ్యా. బండికి పోశాక మిగిలితేనే నాకు" అన్నారు ఆమె.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. బండికి ముందు, అమ్మకు తర్వాత. అతను వచ్చి చెప్పిన రోజున నేను ప్రార్థన చేశాను గానీ లెక్క అడగలేదు. ఎంత సంపాదిస్తున్నావు, ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నావు, పెట్రోలుకు ఎంత పోతోంది అని ఒక్క ప్రశ్న వేయలేదు. ప్రార్థన తప్పు కాదు. దానితో సరిపెట్టుకోవడం నా తప్పు.

తర్వాత కూర్చున్నాం. సంఘంలోనే ఒక మెకానిక్ అన్న ఉన్నాడు, అతన్నీ పిలిచాం. ముందు మైలేజీ కొలిచాం. పద్ధతి చాలా సులువు, మీరూ నేర్చుకోండి. ట్యాంకు నిండా పోయించి, మీటరులో కిలోమీటర్లు రాసుకోవాలి. మామూలుగా తిరగాలి. మళ్లీ నిండా పోయించేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి భాగించాలి. వందకో నూటయాభైకో పోయించుకుంటూ ఉంటే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. కాబట్టి ఒక్క రెండుసార్లు నిండా పోయించడానికి సంఘం డబ్బు సర్దింది.

లెక్క తేలింది. రోజుకు 120 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 3,120 కిలోమీటర్లు. మైలేజీ 45. అంటే నెలకు 69 లీటర్లకు పైగా. లీటరు 102 లెక్కన 7,070 రూపాయలు. మెకానిక్ అన్న బండి చూశాడు. రెండు టైర్లలోనూ గాలి తక్కువ. గాలి ఫిల్టరు మట్టిపట్టి ఉంది. చైను ఎండిపోయింది. వెనక బ్రేకు వదిలేసినా పట్టుకునే ఉంది. అంటే ఆ తమ్ముడు రోజంతా సగం బ్రేకు వేసుకునే బండి నడుపుతున్నాడన్నమాట! అన్నీ సరిచేశాక మైలేజీ 52కి వచ్చింది. అదే దూరానికి 60 లీటర్లు, 6,120 రూపాయలు. నెలకు 950 మిగిలింది.

తర్వాత తిరుగుడు చూశాం. మధ్యాహ్నం రద్దీ అయ్యాక రోజూ ఇంటికి వచ్చి సాయంత్రం మళ్లీ పోతున్నాడు. అతను పనిచేసే చోటికి దగ్గర్లో మన సంఘస్థుల ఇల్లుంది. మధ్యాహ్నం అక్కడే కాస్త నడుం వాల్చుకోమన్నారు. రోజుకు 15 కిలోమీటర్లు తగ్గాయి. నెలకు ఏడున్నర లీటర్లు, మరో 765 రూపాయలు. మొత్తం 1,700 దాటింది. ధర పైసా తగ్గలేదు, తమ్ముడి జీతం పెరగలేదు. వాళ్లమ్మగారు ఇప్పుడు రెండు పూటలా మాత్ర వేసుకుంటున్నారు.

బండి దగ్గర చేయాల్సినవి

ఇవి మీకు తెలిసినవే. తెలిసినా చేయం కాబట్టి మళ్లీ చెబుతున్నాను.

మొదటిది గాలి. పది రోజులకోసారైనా చూసుకోండి. ఎంత గాలి ఉండాలో బండి మీద స్టిక్కరు ఉంటుంది, లేకపోతే పుస్తకంలో ఉంటుంది. వెనక మనిషిని ఎక్కించుకునేవాళ్లకు వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

రెండోది వేగం. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఆపే బలం నాలుగింతలవుతుంది. ఆ గాలిని తోసేది మీ పెట్రోలే. బైకు మీద నలభై, యాభై మధ్య నిలకడగా పోయేవాడికి వచ్చే మైలేజీ, ఎనభైలో పోయేవాడికి రాదు. ఇంకోటి, సిగ్నలు ఎర్రగా కనిపిస్తున్నా దాని దాకా పరుగెత్తి గట్టిగా బ్రేకు వేస్తాం. ఆ పరుగుకు పోసిన పెట్రోలంతా బ్రేకు దగ్గర వేడిగా మారి పోతుంది. దూరం నుంచే చేయి వదిలేయండి.

మూడోది ఆపడం. సిగ్నల్లో అంకె 30 కంటే ఎక్కువ కనిపిస్తే ఇంజను ఆపేయండి. స్నేహితుడి ఇంటి ముందు బండి మీదే కూర్చుని, ఇంజను ఆపకుండా పావుగంట మాట్లాడే అలవాటు మనకుంది. కింద అది తాగుతూనే ఉంటుంది.

నాలుగోది గేరూ క్లచ్చూ. క్లచ్ మీద వేళ్లు ఆనించి నడపొద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో మూలిగించొద్దు. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి జారొద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావాటికి ఇంజెక్షన్ పద్ధతి ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆడడానికి పెట్రోలు తాగుతుంది, పైగా బండి అదుపు తప్పుతుంది. పొదుపు పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. అలాగే పొదుపని ముగ్గురు ఒకే బండెక్కొద్దు. హెల్మెట్ బరువని ఇంట్లో పెట్టి రావొద్దు!

ఇక నమ్మకాలు. తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ పెట్రోలు వస్తుందంటారు. ట్యాంకు నేల కింద ఉంటుంది, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. వంద కాకుండా నూటపది పోయించుకుంటే మోసం జరగదంటారు. మోసం చేసే యంత్రానికి నూటపది అయినా ఒకటే. అయస్కాంతం కడితే మైలేజీ పెరుగుతుందని అమ్ముతుంటారు. ఆ డబ్బుతో గాలి ఫిల్టరు మార్చుకోండి. అనుమానం ఉంటే మీకు నిజమైన హక్కులున్నాయి. మీటరు సున్నా చూడండి. కొలతలో అనుమానం వస్తే ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, దానిలో పోసి చూపించమని అడగొచ్చు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టరు కాగితం అడగొచ్చు. మర్యాదగా అడగండి, కానీ అడగండి.

ఈ మధ్య చాలామంది మైలేజీ తగ్గిందంటున్నారు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తి లీటరు ఇథనాల్‌లో ఉండదు, దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి కొంత తగ్గుదల మీ ఊహ కాదు. పాత బండి ఉన్నవాళ్లు రబ్బరు గొట్టాలు, సీళ్లు ఒకసారి మెకానిక్‌కు చూపించుకోండి.

కరెంటు బండి కొనమంటారా అని అడుగుతారు. దానికీ కిలోమీటరు లెక్కే వేయండి. కరెంటు స్కూటరు వంద కిలోమీటర్లకు మూడు నాలుగు యూనిట్లు తీసుకుంటుంది. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు పాతిక, ముప్పై పైసలు. పెట్రోలు బండికి రెండు రూపాయలు. చూడ్డానికి చాలా బాగుంది. కానీ వాయిదా ఎంత, బ్యాటరీకి హామీ ఎన్నేళ్లు, మీరు నెలకు తిరిగేది ఎంత, అవి కూడా కలపండి. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాడికి గిట్టొచ్చు. ఆదివారం సంఘానికి, అప్పుడప్పుడు సంతకు పోయేవాడు అప్పు చేసి కొంటే గిట్టదు.

తిరగకుండా మిగిలేది

అన్నిటికంటే చౌకైన కిలోమీటరు తిరగని కిలోమీటరే. ఇది నాకు నేను చెప్పుకున్న పాఠం. ఆ తమ్ముడి లెక్క చూశాక నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ముప్పై రోజులు ఎక్కడికి పోయినా రాశాను. మొత్తం 640 కిలోమీటర్లు. నెలాఖరున పేజీలు తిప్పితే సిగ్గేసింది. ఒకే వైపున్న ఇళ్లకు మూడు వేర్వేరు రోజులు పోయాను. ఫోనులో తేలే పనికి పన్నెండు కిలోమీటర్లు పోయాను. అనవసరమైనవి 230 కిలోమీటర్లు. ఇప్పుడు మంగళవారం ఒక దిక్కు, గురువారం ఒక దిక్కు అని పెట్టుకున్నాను.

సంఘంగా కూడా ఒక తప్పు చేస్తున్నామని అప్పుడే తెలిసింది. మా వారం మధ్య కూటం రాత్రి తొమ్మిదిన్నరకు ముగిసేది. ఆ సమయానికి చాలా దారుల్లో బస్సు దొరకదు. కాబట్టి అందరూ బళ్ల మీద రావాల్సిందే, బండి లేని అక్కలు ఆటోకు ఎనభై, వంద ఇవ్వాల్సిందే. కూటం ఒక గంట ముందుకు జరిపాం, ఎనిమిదిన్నరకు ముగిస్తున్నాం. నా ప్రసంగం పావుగంట తగ్గించాల్సి వచ్చింది. ఎవరూ బాధపడినట్టు కనిపించలేదు! బస్సు అందుతోంది, వచ్చేవాళ్లు పెరిగారు. ఖర్చు తగ్గించాలంటే సంఘం తన గడియారం కూడా చూసుకోవాలి.

బస్సు అంటే చిన్నతనంగా చూడొద్దు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు ప్రభుత్వ సాధారణ బస్సుల్లో టిక్కెట్టు లేదు, స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉంటే చాలు. తమిళనాడులో 2021 నుంచి సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. మహారాష్ట్రలో 2023 నుంచి ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్లకు సగం ఛార్జీ. మనం తరాలుగా అక్కడే ఉన్నాం, అక్కడే ఓటు వేస్తున్నాం. అయినా మన అక్కలు కొందరు, "మనం తెలుగువాళ్లం కదా, మనకు ఇస్తారా" అని కార్డు తీయరు. తీయండమ్మా. అది దానం కాదు. మీరు కొన్న ఉప్పులోనూ పప్పులోనూ డీజిలు పన్ను కట్టారు.

పొదుపు ఒక్కటే చాలదు

ఇక్కడితో ఆపేస్తే నేను సగమే చెప్పినట్టు. పొదుపు చేయండి, గాలి కొట్టించుకోండి అని చెప్పి ఊరుకుంటే, తప్పంతా పేదవాడి టైరుదే అన్నట్టు అవుతుంది. మా తమ్ముడు 1,700 మిగిల్చుకున్నాడు, సంతోషం. కానీ పెట్రోలు ధర పెరిగినప్పుడు అతనికి ఇచ్చే కిలోమీటరు రేటు ఎందుకు పెరగదు? కంపెనీ పనికి తిరిగే పెట్రోలు పనివాడి జేబులోంచి ఎందుకు పోవాలి? కర్ణాటకలో 2025లో గిగ్ కార్మికుల సంక్షేమ చట్టం వచ్చింది. ప్రతి చెల్లింపు మీద కంపెనీల నుంచి కొంత రుసుము తీసుకుని సంక్షేమ నిధిలో వేస్తారు. మంచిదే. అది ఇంధన ఖర్చు సంగతి తేల్చదు. అది అడగాల్సింది ఆ పని చేసేవాళ్లు, వాళ్లతో కలిసి మనం. పేరు నమోదు చేసుకోని తమ్ముళ్లు ముందు నమోదు చేసుకోండి.

ఎన్నికలప్పుడు మన వాడకు వచ్చి చేతులు జోడించేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ముడిచమురు తగ్గినప్పుడు మాకు ఎందుకు తగ్గలేదు? పడవ నడిపేవాడికి, ఆటో నడిపేవాడికి, పెద్ద కారు నడిపేవాడికి ఒకే పన్ను ఎలా న్యాయం? జవాబు దాటేయొచ్చు. నలభైమంది ఒకే ప్రశ్న అడిగితే దాటేయడం కష్టం.

ఆర్డరు పెట్టేది కూడా మనమే, మరిచిపోవద్దు. ఐటీ ఉద్యోగాలున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ మీలో ఉన్నారు. సందు చివర దొరికే కొత్తిమీర కట్టకు ఒక మనిషిని మూడు కిలోమీటర్లు రప్పించకండి. వస్తే మూడో అంతస్తుకు ఎక్కమనకుండా మీరే దిగండి. అయిదు నిమిషాలు ఆలస్యమైందని మార్కు తగ్గించకండి. అతను సిగ్నల్లో ఇంజను ఆపుకుని ఉంటాడు.

ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చేయండి. మీ బండి మీటరు చూసి తేదీతో సహా అంకె రాయండి. ఈ నెల పెట్రోలుకు ఎంత పెట్టారో గుర్తు తెచ్చుకుని పక్కన రాయండి. మూడోది, మీ సంఘంలో బండి మీదే బతికే ఒక్క మనిషి పేరు రాయండి. మొదటి రెండూ మీ లెక్క. మూడోది మీరు వెళ్లి అడగాల్సిన లెక్క. ఊరికి వెళ్లాక ఆ మనిషి దగ్గర కూర్చుని, "అన్నా, నెలకు పెట్రోలుకు ఎంత పోతోంది? ఇంట్లో ఏం ఆగిపోయింది?" అని అడగండి. నేను ఆ ప్రశ్న రెండు వారాలు ఆలస్యంగా అడిగాను. మీరు ఆలస్యం చేయకండి.

ఇంకో మాట. రేపు తిరుగు ప్రయాణంలో కాకినాడ దాకా కొందరు బళ్ల మీద, కొందరు కార్లలో పోతామంటున్నారు. కార్లలో ఖాళీ సీట్లున్నాయని విన్నాను. భోజనాల దగ్గర తేల్చుకోండి. యానాం దాటేముందు ట్యాంకు నింపుకోవడం మరిచిపోకండి. మనం ఎటూ ఆ దారినే పోతున్నాం కదా!